చెయ్యి ముందు, మాట వెనక

మా పక్కింటి మామ మొన్న శుక్రవారం పొద్దున పోయారు. ఉప్పల్‌లో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. మామ జబ్బుపడ్డాక, రెండేళ్లుగా, ఆ గోడ అవతల గ్లాసు కింద పడినా నా చెవి గోడకు ఆనేది. ఆ రోజు మాత్రం ఏ చప్పుడూ రాలేదు. వాళ్లావిడ, అత్తమ్మ, మా గుమ్మంలోకి వచ్చి, "లేస్తలేడు బిడ్డా, జర వచ్చి సూడు" అంది. పరుగెత్తాను. అప్పటికే ఒళ్లు చల్లబడిపోయింది.

మామ నాచారంలో ఒక కార్ఖానాలో ఫిట్టర్. ఎనభైలలో కొత్త మెషీన్ల పని నేర్చుకు రమ్మని ఆయన్ని ఆరు నెలలు జపాన్ పంపించారు. తిరిగొచ్చాక మెషీన్ల సంగతి తక్కువ, అక్కడ చూసిన కథకుడి సంగతి ఎక్కువ చెప్పేవారు. వేదిక మీద మెత్త వేసుకుని మోకాళ్ల మీద కూర్చున్న ఒకే ఒక్క మనిషి. చేతిలో మడిచే విసనకర్ర, పక్కన చిన్న గుడ్డ. లేవడు, నడవడు. ముఖం ఒకవైపు తిప్పితే యజమాని, ఇంకోవైపు తిప్పితే నౌకరు. మూసిన విసనకర్రనే తినే పుల్లల్లా పట్టుకుని, లేని గిన్నెలోంచి వేడి వేడి సేమ్యా జుర్రుకుంటాడు.

"ఒక్క ముక్క సమజ్ కాలే. అయినా కడుపుబ్బ నవ్విన. ఎట్లనో ఎర్కనా?" అని అడిగి, జవాబు కూడా ఆయనే చెప్పేవారు. "చెయ్యి ముందు పోతది బిడ్డా, మాట ఎన్క వస్తది. 'అబ్బ, కాలింది' అనకముందే చేతి ఏళ్లు గుంజుకుంటడు. మనం చెయ్యిని సూసి, మాట కోసం కాసుకొని కూసుంటం."

నేనప్పుడు నాచారంలో ఒక చిన్న బడిలో కొత్తగా చేరిన టీచర్ని. పిల్లల ముందు నిలబడితే నా మాట మొదటి బెంచీ దాటేది కాదు. వాళ్ల గోల వాళ్లదే. నెల తిరక్కుండానే తీసేస్తారని భయం. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మామ నన్ను చాప మీద కూర్చోబెట్టి ఏదైనా కథ చెప్పమన్నారు. నేను "పెద్ద కొండ" అని, ఆ తర్వాత చెయ్యి పైకెత్తాను.

"గట్ల గాదు. ముందు నువ్వు పైకి సూడు. చెయ్యి లేపు. ఆగు. పిల్లలు గూడ సూస్తరు. అప్పుడు అను."

మర్నాడు అలాగే చేశాను. క్లాసు క్లాసంతా తలెత్తి ఫ్యాను వైపు చూసింది. ఈ రోజుకీ అదే బడిలో పాఠాలు చెబుతున్నాను.

ఇంట్లో కూడా మామది అదే తీరు. చారులో ఉప్పు తగ్గితే మూడు వేళ్లు కలిపి చల్లినట్టు చూపించి, ఆగి, అప్పుడు అడిగేవారు. "ఉప్పు అడగనీకి గూడ నాటకమేనా?" అని అత్తమ్మ విసుక్కునేది.

రిటైరైన కొన్నాళ్లకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాటా పోయింది. మాట రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు దవాఖానాలో డాక్టరు. "చెయ్యి పోతే పోనీ, మాటొస్తే సాలు దేవా" అని అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నా భయం ఆమెకు చెప్పలేదు. ఆయనకు ఆ రెండూ వేరు వేరు కావు.

నెలల తర్వాత మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. కానీ మధ్యలో తట్టుకునేవి. అప్పుడు ఒళ్లో పడివున్న చెయ్యి వంక చూసుకునేవారు. "చెయ్యి లేస్తలేదు. మాట యాడికెల్లి వస్తది?" అని ఒకసారి అడిగారు.

ఆ క్రిస్మస్ సాయంత్రం చర్చిలో, ఎవరినీ అడక్కుండానే, మామ కథ చెబుతారని పాస్టరుగారు ప్రకటించేశారు. అత్తమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "మధ్యల ఆగిపోతే ఎట్ల బిడ్డా? అందరు నవ్వితే?" మామ అప్పటికే లేవబోతున్నారు. ముందు పరిచిన చాప మీద దేనికీ ఆనుకోకుండా కూర్చోలేరు కాబట్టి, అత్తమ్మ ఆయన వీపుకు దన్నుగా వెనక కూర్చుంది.

ఉప్పల్ బస్సులో కోడిని చంకన పెట్టుకుని ఎక్కిన ముసలాయన కథ మొదలుపెట్టారు. ఎడమచెయ్యితో కోడిని పట్టుకున్నారు. బాగానే ఉంది. ఇక కండక్టర్ రావాలి. ముఖం కుడివైపు తిప్పారు. కుడిచెయ్యి లేవలేదు.

"టి... టి..."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను తల దించుకున్నాను. మళ్లీ చూసేసరికి మామ భుజం పక్కనుంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది. గాజుల చెయ్యి. అరచెయ్యి పైకి తిప్పి, కండక్టర్ అడిగినట్టు ఆగింది. మామ దాని వంక చూశారు.

"టికెట్!" అన్నారు. "కోడికి టికెట్ ఏది?"

ముఖం ఎడమకు తిప్పి, చంకలో కోడిని అదుముకుని, "కోడి గాదు సారూ... మా సుట్టం" అన్నారు.

హాలంతా గొల్లుమంది. అత్తమ్మ ముఖం ఆయన వీపు చాటున ఉండి కనబడలేదు. చెయ్యి మాత్రం అలాగే చాచి ఉంది, తర్వాతి మాట కోసం.