అర్థమైంది, ఆపు

మా రాహేలు మేడం దగ్గర ఎవరూ ఒక మాట పూర్తిగా చెప్పిన పాపాన పోలేదు.

నరసరావుపేటలో మందుల షాపు మీద ఒకే గదిలో మా ఆఫీసు. వెబ్‌సైట్లూ యాప్‌లూ చేసేవాళ్ళం. ఆ గదిని తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు ముందు ఆవిడ గొంతే వినపడుతుంది: "అర్థమైంది, ఆపు."

టీ తెచ్చే అలీ సాహెబ్ "మేడం, ఈరోజు అల్లం..." అనేసరికే "లేదు. మామూలుదే పొయ్యి" అనేది. పాస్టరు గారు ఫోనులో "అమ్మా, ఆదివారం మీ ఇంట్లో..." అంటే "ప్రార్థన. నాలుగింటికి. టిఫిను నేనే చేస్తా. వందనాలండి" అని పెట్టేసేది. ఒకసారి సినిమాకు తీసుకెళ్తే ఇంటర్వెల్లో లేచింది.

"ఏంది మేడం, ఇంకా సగం ఉంది గదా" అన్నాను.

"వాడు మారతాడు, ఆ పిల్ల ఒప్పుకుంటుద్ది. ఇంక కూర్చుని ఏం చేస్తాం నీరజా?"

మిగతా సగం నేనొక్కదాన్నే చూశాను. వాడు మారాడు, ఆ పిల్ల ఒప్పుకుంది.

మేం కోడ్ రాసే జావాస్క్రిప్ట్ భాష కూడా అట్లాగే రెండు ముక్కల్లో నేర్పేది. ఒక పని అయితేనే ఇంకో పని అన్నట్టు గొలుసులా రాస్తాం. ఒక్కోదానికీ ఎక్కడినుంచో జవాబు రావాలి, అందాకా ఆగాలి. ఏదైనా కుదరలేదంటే అక్కడే 'త్రో' చేసి, అంటే ఆ తప్పుని కిందికి విసిరేసి, గొలుసు చివర దాన్ని పట్టుకునే ఒకే ఒక్క 'క్యాచ్' పెట్టమనేది. "మధ్యలో క్యాచ్ పెట్టి ఊరుకున్నావంటే అది తప్పుని మింగి కూర్చుంటుద్ది. కిందవాటికేం తెలీదు. అంతా బాగుందనుకుని వాటి పని అవి చేసుకుంటా పోతాయి."

మిస్బా కొత్తగా చేరిన రోజులవి. కారంపూడి దారిలో ఒక కోల్డ్ స్టోరేజీకి యాప్ చేశాం. మిర్చి బస్తాలకు చోటుందా అని అడగాలి, ఉంటే రైతు పేరు ఎక్కించాలి, ఆ తర్వాత 'సరుకు తీసుకురండి' అని మెసేజి పంపాలి. మిస్బా మధ్యలోనే క్యాచ్ పెట్టింది. మేడం ఆ కోడ్ సగం చదివి, అర్థమైందని సరే అనేసింది.

గోడౌను నిండిన రోజున, చోటు లేదన్న జవాబుని ఆ క్యాచ్ మింగేసింది. మెసేజి మాత్రం వెళ్ళిపోయింది. మాచవరం రైతు లక్ష్మీనారాయణ ట్రాక్టరు నిండా బస్తాలతో వెళ్ళాడు. వాళ్ళు గేటు తీయకుండా, యాప్ చేసింది మేమని చెప్పి పంపారు. ఆ ట్రాక్టరుతోనే మా కింది మందుల షాపు ముందు దిగి, పైకొచ్చాడు.

"చోటుందని పంపింది మీరేగదమ్మా. అవతల మబ్బు పట్టింది. కాయ తడిస్తే ఏడాది కష్టం బూజుపట్టి పోద్ది. ఎవుర్ని అడగమంటారు?" అని మొదలుపెట్టాడు.

ఇప్పుడు ఆపుతుందని మేమందరం మేడం వైపు చూశాం. ఆపలేదు. ఆయన తిట్టాడు, మధ్యలో కళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ తిట్టాడు. ఊపిరి కోసం ఆగితే ఆవిడే మంచినీళ్ళిచ్చి, "ఇంకా చెప్పు బాబాయ్" అంది. నేను చేరినప్పటినుంచీ ఆవిడ ఒక మనిషిని చివరిదాకా మాట్లాడనివ్వడం అదే చూడటం.

ఆయన అలిసిపోయాక మిస్బా లేచింది. "అంకుల్, ఆ కోడ్ రాసింది..."

"ఆపు," అంది మేడం. "సగం చదివి సరే అన్నదాన్ని నేను. తప్పు నాది బాబాయ్."

ముందు యాప్ ఆపించింది. తర్వాత కనపడిన ప్రతి కోల్డ్ స్టోరేజీకీ ఫోన్ చేసింది. సత్తెనపల్లి దగ్గర చోటు దొరికింది. ఈసారి ఫోను నమ్మకుండా, బస్తాల మీద పట్టా కప్పించి, తనే ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని వెంట వెళ్ళింది. బండి కదులుతుంటే లక్ష్మీనారాయణ మాటలు మాకు వినపడ్డాయి.

"మా అమ్మాయి గూడా కంప్యూటర్..."

"పంపించు."

సాయంత్రం మిర్చి ఘాటుకు ఎర్రబడ్డ కళ్ళతో, తుమ్ముకుంటూ తిరిగొచ్చింది. మిస్బా అప్పటికే తన బల్ల ఖాళీ చేసి, బ్యాగు భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"మేడం, నేను రేపట్నుంచి..."

"రేపట్నుంచి నా కోడ్ నువ్వు చూస్తావు. కిందదాకా, ఒక్క లైను వదలకుండా. అర్థమైంది, కూర్చో."

మిస్బా చెప్పబోయింది అది కాదు. ఆ సంగతి మేడానికీ తెలుసు. ఒక తుమ్ము తుమ్మి మానిటరు వైపు తిరిగింది. మిస్బా బ్యాగు దించి, కుర్చీ లాక్కుంది.