తీసేసిన ఏడుపు సీను

డెబ్బైల్లో ఒక మధ్యాహ్నం, తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో నా ఎదుటి బల్ల మీద ఒకాయన నల్లగుడ్డ ముసుగు ఒళ్లో పెట్టుకుని, దాని చిరుగు కుట్టుకుంటున్నాడు.

"నాటకంలో ముసుగు వీరుణ్ణండి," అన్నాడు. "మాటలు చెప్పేది వేరే ఆయన. ముసుగేసుకున్నాక కత్తియుద్ధాలన్నీ నావి."

యుద్ధానికి ముందు వీరుడు తల్లి దగ్గర సెలవు తీసుకునే సీను ఒకటి ఉండేదట. జనం ఫైటింగుల కోసమే వస్తారని యజమాని దాన్ని తీసేసి, ఇంకో రెండు ఫైటింగులు పెట్టించాడట.

"ఆ తల్లి ఏడ్చినన్నాళ్లూ, నామీదికి కత్తి లేస్తే చాలు, ఆడవాళ్లు అయ్యో అనేవాళ్లండి. మొన్న బాపట్లలో కత్తి నిజంగానే దిగింది. ఒక్కరంటే ఒక్కరు అన్లేదు బాబూ. ఈలలేశారు."

చొక్కా ఎత్తి డొక్కకున్న కట్టు చూపించాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆయన వేమూరులో దిగిపోయాడు.

ఇప్పుడు మా ఇంట్లో టీవీలో జపాను ముసుగు వీరుల సీరియల్ పెడతారు. ముసుగువాడు కింద పడ్డప్పుడల్లా నేను పైకే "అయ్యో" అంటాను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు.