బంద్ నాటి నొప్పుల పోటీ

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్ గోడలన్నీ జై తెలంగాణ రాతలే. కూడబలుక్కుని చదవడానికి అంత పెద్ద అక్షరాలు నాకు ఇంకెక్కడా దొరకలేదు. సరూర్‌నగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గర ఆయాగా పనిచేసేదాన్ని. ఆమెది కోస్తా. బంద్ అన్నప్పుడల్లా నన్ను కదిలించేది.

"రాష్ట్రం వస్తే నన్ను పంపించేస్తావా అవ్వా?"

"పోతె పోండ్రి గని, సూదేసే చెయ్యి ఈడ ఇడిసిపెట్టి పోండ్రి."

అలాంటి ఒక బంద్ రోజున, ఆటోలు ఆగకముందే, బర్మా నుంచి వచ్చిన ఒకామె క్లినిక్‌కు చేరింది. బాలాపూర్ వైపు గుడిసెల్లో ఉండేది. వాళ్ల ఊళ్లో సిపాయిలు కొట్టి ఇల్లు కాలిస్తే పారిపోయి వచ్చింది. ఒంటి మీది దెబ్బలను డాక్టరమ్మ పరీక్షించి రాసిస్తే, ఆ కాగితం శరణార్థుల ఆఫీసుకు వెళ్తుంది. దాన్ని బట్టే ఇక్కడ ఉండనిచ్చే కార్డు. అది లేకపోతే, దారిలో పోలీసు ఆపితే చూపించడానికి ఏమీ ఉండదు.

అంత పని మీద వచ్చిన మనిషి ఎలా వచ్చింది? పక్క గుడిసెలో అడిగి తెచ్చుకున్న తళుకుల దుపట్టా, కళ్లకు సుర్మా, నున్నగా దువ్విన జడ. పెళ్లిచూపులకు కూర్చున్నట్టు కుర్చీ అంచున కూర్చుంది.

నొప్పి ఎక్కడని డాక్టరమ్మ హిందీలో అడిగితే "అచ్ఛా హై" అంది, అంతా బాగుందని. నిద్ర పడుతోందా అంటే అచ్ఛా హై. చెయ్యి లేస్తోందా అన్నా అదే. పెద్దవాళ్ల ముందు బాధలు చెప్పుకోవడం వాళ్లలో మర్యాద కాదట. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది.

"ఈవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తే కార్డు ఇవ్వరు, కుస్తీ పోటీలకు పంపుతారు" అంది నాతో తెలుగులో. "గుచ్చి గుచ్చి అడగనూ కూడదు. ఏం చేద్దాం?"

"నన్నడుగుతరేందమ్మా, డాక్టరు మీరా నేనా?"

ఇంతలో బయట షటర్లు దిగాయి. ముగ్గురం లోపలే ఉండిపోయాం. టీ పెట్టి ఇచ్చి నేను కింద కూర్చోబోతే మోకాలు కటుక్కుమంది. ఇక రోజూలాగే నా మోకాలి నొప్పి మొదలుపెట్టాను, అతిథి ఉంది కాబట్టి ఉర్దూలో. మా బస్తీలో ఒకరు నొప్పి చెబితే ఊరికే వినకూడదు, దాని మీద మన నొప్పి ఒకటి పెద్దది పెట్టాలి. లేకపోతే చెప్పినవాళ్లకు చిన్నతనం. ఇన్నేళ్లలో డాక్టరమ్మకూ అది అలవాటైంది.

"నీ మోకాలు ఒక లెక్కా? నా నడుము ముందు అదెంత?" అంది, ఆమె కూడా ఉర్దూలోనే.

ఆ బర్మా ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంత చిన్న నొప్పికి ఇంత లొల్లి చేస్తారా అంది. తన ఎడమ చెయ్యి భుజం దాటి లేవదట. తుపాకీ మడమతో కొట్టినప్పటి నుంచి అంతే. జడ రోజూ పక్కింటామె వేస్తుందట. ఆ తర్వాత నిద్ర సంగతి చెప్పింది, కలల సంగతి చెప్పింది. అప్పటికి నవ్వు లేదు. మా మోకాళ్లూ నడుములూ నోరు మూసుకున్నాయి.

డాక్టరమ్మ వెంటనే పెన్ను అందుకోలేదు.

"ఇవన్నీ రాయనా? నువ్వు వద్దన్నది రాయను."

ఆమె ఎడమ భుజం మీద చెయ్యి వేసుకుంది. చెయ్యి రాయండి, నిద్ర రాయండి, కలలో కనిపించేది మాత్రం వద్దంది. డాక్టరమ్మ సరేనంది. నేను తెర లాగి బయట కూర్చున్నాను. ఆ తెర చాలాసేపు తీయలేదు.

కొన్ని నెలలకు కార్డు పట్టుకుని వచ్చింది. దుపట్టా ఈసారి తనదే, తళుకులు లేవు. కార్డు మా ఇద్దరికీ చూపించి, దాన్ని జాగ్రత్తగా లోపల పెట్టుకుని, నా పక్కన కూర్చుంది. మోకాలు ఎట్లా ఉందని అడిగింది.

అచ్ఛా హై అని నేనెందుకంటాను? డాక్టరమ్మ వచ్చి తన నడుము నొప్పి ఎత్తుకునేదాకా చెబుతూనే ఉన్నాను.