చింతపండు నీళ్లు తాగిన పళ్ల మిషను

చెనిక్కాయ ఎండిందా లేదా అని మా నాయన చేత్తో చూసి చెప్పడు. కల్లంలో కాయ ఒలిచి, విత్తనం ముందుపళ్లతో కొరికి, కటక్కుమంటేనే మూటలు కట్టమంటాడు. అట్లాంటి మనిషికి ఆ ముందుపళ్లే కదిలినాయి. చిగుళ్లు శుభ్రంగా పెట్టుకోకపోతే పీకేయాల్సి వస్తాదని అనంతపురం డాక్టరు చెప్పినాడు. ఆ మాటకు నాయన రెండు దినాలు సరిగ్గా అన్నం తినలేదు.

నేనప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తాంటి. పళ్ల సందుల్లోకి నీళ్లు చిమ్మే కరెంటు మిషను ఒకటి కొని ఉరవకొండకు తెచ్చినా. ఒక నీళ్ల డబ్బా, సన్న పైపు, చివర సూదంత ముక్కు.

"చేనికి పైపుల డ్రిప్పు ఉన్నట్ల, ఇది నోటికి డ్రిప్పు పాపా" అని నాయన మురిసిపోయినాడు.

రెండు నెలలకే అది చిమ్మడం మానేసింది. మా బోరునీళ్లు పోస్తే ఏది బతుకుతాది! ముక్కులో, పైపులో తెల్లగా ఉప్పు పేరుకుంది. దసరా సెలవులకు వచ్చి, దాంతోపాటు ఇచ్చిన కాగితం చదివితే వెనిగర్ కలిపిన నీళ్లతో నడిపించమని ఉండాది. మా వీధి అంగడాయన్ని అడిగితే, "అదేం మందక్కా?" అన్నాడు.

"ఇత్తడి చెంబుకు పనికొచ్చేది దీనికి పనికిరాదా?" అని అమ్మ చింతపండు నీళ్లు వడగట్టి ఇచ్చింది. డబ్బాలో పోసి నానబెట్టినాము.

స్విచ్చి వేయబోతే నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు. డ్రిప్పు కడిగేటప్పుడు ముందు చివర మూత తీయల్ల. లేకుంటే మురికంతా ఆడనే ఇరుక్కుంటాది."

"వద్దు నాయనా" అంటాండంగానే ముక్కు పీకి, స్విచ్చి నొక్కినాడు.

నా మొహం, అమ్మ కొత్త చీర, పండక్కి సున్నం కొట్టిన గోడ, అన్నీ చింతపండు పులుసే!

"నీ డ్రిప్పు పాడుగాను! నట్టింట్లో కల్లాపి చల్లుతాండావా?" అని అమ్మ చీపురు తీసింది. నాకూ తిక్క లేసింది. ఆయన ఆపితే కదా! "తేటనీళ్లు వచ్చేదాకా ఆపకూడదు" అని ఇంకో డబ్బా పోసినాడు. పైపులోంచి తెల్లటి పెచ్చులు రాలినాయి. ముక్కు తగిలిస్తే ధార సన్నగా, నిక్కచ్చిగా వచ్చింది. నవ్వు ఆపుకోలేకపోయినా.

అప్పటినుంచి దానికి ఫిల్టరు నీళ్లే. ఆదివారం పొద్దున చేన్లో డ్రిప్పు కడిగి, ఇంటికొచ్చి దీన్నీ కడిగేవాడు, పెరట్లో. పళ్లు పీకే పనిలేదని డాక్టరు చెప్పినాక కల్లానికి పోయినాము. నాయన కాయ ఒలిచి కొరికినాడు. కటక్కుమనింది.

కూలోళ్లు గోతాలు పట్టుకొని నిలబడినారు. "కట్టేద్దామా అన్నా?"

"ఉండండప్పా" అని నాయన ఇంకో కాయ ఒలిచినాడు.