విప్పని ముడి

నా పేరు వెంకాయమ్మ. డెబ్బై దాటాయి. కొత్తపేట దగ్గర పల్లె. ఇంట్లో నేనూ, మనవరాలు సుభద్రా. తుఫానులో గోడ కూలి దాని తల్లి పోయింది. అప్పట్నుంచి అది గాలికి నిలిచే ఇళ్ల బొమ్మలే గీస్తోంది. ఆర్కిటెక్చరు పెద్ద చదువు కోసం ఆ బొమ్మల్ని కాలేజీకి పంపేటప్పుడు కొబ్బరితాడుతో కట్ట కట్టింది నేనే. ఆ కట్ట ఈ రోజు పోస్టులో తిరిగొచ్చింది. నేను వేసిన ముడి అలాగే ఉంది.

“విప్పకుండా ఏం చూసేరే?”

“ప్రవేశ పరీక్షలో స్కోరు చాల్లేదు మామ్మా. చాలకపోతే బొమ్మలు చూడరంట.”

“స్కోరు కాగితం గోడకంటిస్తే గాలి ఆగుద్దా ఏవిటే?”

అది లేచి, కట్టను అటక మీదికి తోసేసింది.

నాకు అక్షరం రాదు. నా ముడి మాత్రం గుర్తుపడతాను. విప్పి చూడకుండా కాదనడం న్యాయమేనా, మీరే చెప్పండి. ఆ బొమ్మలు చూసేవాళ్లొస్తే వాళ్లచేతే విప్పిస్తాను.

వెంకాయమ్మ వేలిముద్ర.
సాక్షులు: కట్ట తెచ్చిన పోస్టుమాన్ సత్తిరాజు, ఇది రాసిపెట్టిన పక్కింటి సూర్యకాంతం.