మోటారు గదిలో ఏడో సీసా

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. గడ్డపోతారం దగ్గర వాగు నీళ్లలో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు కొలిచే ఉద్యోగం. ఐసుపెట్టె పక్కన పెట్టుకుని వాగు ఒడ్డు పొలంలోని మోటారు గదిలో సీసాలకు లేబుళ్లు రాస్తుంటే, ఆ పొలం యజమాని మల్లమ్మ బయట గొళ్లెం పెట్టింది.

"అమ్మా, ఐసు కరిగితే నమూనాలన్నీ పాడవుతాయి."

"కరగనీ బిడ్డా. సీసాలు నింపుకొని పోతరు, నీళ్లెట్లున్నయో ఒక్కడన్న మళ్లొచ్చి చెప్పిండా? గూట్ల సూడు, నీ ముందు వచ్చినోళ్లందరి దగ్గర ఒక్కోటి అడిగి పెట్టిన."

ఆరు సీసాలున్నాయి. రేకుల వేడికి ఊపిరాడలేదు, ఐసు సగమైంది. ఫలితం తెచ్చి చెబుతానని ఒట్టేసి, ఏడో సీసా గూట్లో పెట్టాను. కిటికీలోంచి చూసి గొళ్లెం తీసింది.

వారం తర్వాత వెళ్లి, ఆ నీళ్లు తాగొద్దని చెప్పాను. విని, నా సీసా ఒక్కటే పారబోసింది; కబురు రాని ఆరూ గూట్లోనే ఉంచింది.

ఇప్పటికీ లేబుల్ మీద చోటు, తేదీ, సమయం కింద నాలుగో వరుస రాస్తాను: ఎవరికి చెప్పాలి.