సుబ్బులుకు గాలి సోకిన రోజు

యుద్ధం జరుగుతున్న రోజుల్లో, మదనపల్లెలో చదివే నా మనవరాలు సుబ్బులు సెలవులకు పుంగనూరు వచ్చి, ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని ఒంటరిగా ఏడవసాగింది. పరాయి భాష పాఠానికి ఎవరైనా ఏడుస్తారా? గాలి సోకిందనుకుని, బడి మాన్పించాలని నిశ్చయించి, తాయెత్తు కట్టే సాయిబుకు కోడిపుంజునిచ్చి పిలిపించాను. వీధంతా పోగయింది.

"పాఠానికి యాల ఏడస్తాండావు బిడ్డా?" అన్నాడు సాయిబు.

"ఇది పాఠం కాదు తాతా, కథ. ఇష్టమైన కథలు చదివితే ఇంగ్లీషు దానంతటదే వస్తాదని టీచరమ్మ చెప్పింది. ఇందులో కుక్క తప్పిపోయిండాది."

సాయిబు నెమలీకల కట్ట పక్కనపెట్టి, "గాలీ లేదు, దయ్యమూ లేదు. ఆ కుక్క యాడికి పాయనో సెప్పు" అంటూ చాపమీద కూర్చున్నాడు. వీధి జనమూ కూర్చున్నారు.

"అంతవరకే చదివినాను" అంది సుబ్బులు.

నాకు ఒళ్లు మండింది. కోడిపుంజు ఎట్లాగూ పోయింది. కుక్కయినా దొరికేదాకా బడి మాన్పించేది లేదని అందరి ముందూ చెప్పేశాను.